మా అమ్మ ఒక్కపొద్దులు

అన్నకు గుంటూరులో ఊపిరితిత్తుల పరీక్షలు చేయించి తీసుకొచ్చిన వారంలోనే, ఒక సోమవారం పొద్దున అమ్మ టీ వద్దంది. మధ్యాహ్నం అన్నమూ వద్దంది. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, "శివుడికి ఒక్కపొద్దు ఉంటున్నా" అంది. కార్తీకంలో తప్ప మా అమ్మ సోమవారాలు పట్టించుకున్న మనిషి కాదు. అది పుష్యమాసం. ఎవరి కోసం ఉంటోందో తెలుస్తూనే ఉంది కాబట్టి నేను ఇంకేమీ అడగలేదు.

అన్న పన్నెండేళ్ళు పిడుగురాళ్ల చుట్టుపక్కల రాతి క్వారీల్లో డ్రిల్లు పట్టాడు. తూటా పెట్టడానికి రాయికి బెజ్జాలు వేసే పని. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. ముఖానికి తువ్వాలు కట్టుకోమంటే, కట్టుకుంటే ఊపిరాడదని నవ్వేవాడు. గుంటూరు డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపిస్తూ, "దుమ్ము లోపల గట్టిపడిపోయిందమ్మా. పాడైంది బాగవదు. మిగిలింది ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు" అన్నాడు. అప్పటికి అన్నకు ముప్పై ఆరేళ్ళు.

నాన్న పోయి చాలా కాలమైంది. హైవే వెనక వరసలో ఉన్న ఇంట్లో అమ్మ, నేను ఉండేవాళ్ళం. నేను బజారులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. అన్న, వదిన, వాళ్ళ ఏడేళ్ళ పాప వేరే వీధిలో అద్దెకుండేవాళ్ళు. అన్న వదినను ఇష్టపడి చేసుకున్నాడు. ఆమెది ముప్పాళ్ళ, క్రైస్తవుల ఇల్లు. పదేళ్ళలో అమ్మ వాళ్ళింటికి వెళ్ళింది ఒక్కసారే, పాప పుట్టినప్పుడు. అప్పుడు కూడా గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగకుండా వచ్చేసింది. అన్నకు ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టాల్సి వచ్చాక, వదిన ఒక్కతే చూసుకోలేదని వాళ్ళను మా ఇంటికి తెచ్చేశాం. ముందు గదిలో మంచం వేసి, మిషను తలవైపు పెట్టాం. అది ఎప్పుడూ గురగురమంటూనే ఉండేది. కరెంటు పోతే మేమంతా ఒక్కసారిగా లేచి నిలబడేవాళ్ళం.

సోమవారాలు మొదలుపెట్టిన రెండు వారాలకు అమ్మ వంటగదిలో వదిన దగ్గరికి వెళ్ళింది. నేను గిన్నెలు సర్దుతూ అక్కడే ఉన్నాను.

"మీ గుళ్ళో శుక్రవారం ఉపవాసముండి పార్థన చేత్తారంటగా. నన్ను తీసుకుపో" అంది.

వదిన చేతిలో అట్లకాడ అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత నాతో, "పదేళ్ళకు మీ అమ్మ నన్నొక మాట అడిగిందే. ఇందుకోసం అడగాల్సి రావాలా?" అని ఏడ్చింది.

ఆ శుక్రవారం నుంచి ఇద్దరూ కలిసి చర్చికి వెళ్ళేవాళ్ళు. అక్కడ చాపల మీద ఆడవాళ్ళ మధ్య అమ్మ బొట్టుతోనే కూర్చునేది. పాటలు రావు గనుక పెదవులు కదపకుండా చేతులు జోడించి ఉండేదట. మూడో వారం పాస్టరుగారు దగ్గరికి పిలిచి, దేవుణ్ణి పూర్తిగా అంగీకరించమ్మా, నీ కొడుక్కి మేలు జరుగుతుంది అన్నారట. "అయ్యా, నేను మొక్కడానికొచ్చా, మారడానికి రాలా. ఆయనకి ఇట్టం ఉంటే ఇట్టాగే వింటాడు" అందట అమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు వదిన ముఖంలో కోపం లేదు. అన్న అయితే ట్యూబు ముక్కులో ఉండగానే నవ్వి, ఆ నవ్వుకు దగ్గు వచ్చి చాలాసేపు మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు.

మహాశివరాత్రికి అమ్మ కోటప్పకొండ వెళ్ళింది. నీళ్ళు కూడా ముట్టుకోకుండా మెట్లన్నీ ఎక్కింది. ఊళ్ళ నుంచి తెచ్చి నిలబెట్టిన పొడుగాటి ప్రభల దగ్గర జనం, డప్పులు, దుమ్ము, ఎండ. దిగేటప్పుడు రెండుసార్లు కూలబడిందని తోడు వెళ్ళిన మామ, అంటే అమ్మ తమ్ముడు, నాకు ఫోన్ చేసి తిట్టాడు. ఎందుకంటే అమ్మకు ఎనిమిదేళ్ళుగా షుగరు ఉంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి బిళ్ళలు. బిళ్ళ వేసుకుని తినకుండా ఉంటే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? రోజూ పొద్దున్నే ల్యాబు ముందు బెంచీ మీద కూర్చున్న వాళ్ళ వేళ్ళకు సూది గుచ్చేది నేనే.

ఇంటికొచ్చాక గట్టిగా చెప్పాను. "అమ్మా, నువ్వు పడిపోతే ఇద్దర్ని చూసుకోవాల మేము. దేవుడు నిన్ను అన్నం మానేయమన్నాడా?"

"నా దగ్గర ఇంకేముందే ఇవ్వడానికి?" అంది అమ్మ.

శివరాత్రి వెళ్ళిన నాలుగు రోజులకే రంజాన్ నెల మొదలైంది. మా పక్కింటి అత్త ముస్లిం. భర్త లారీల రేడియేటర్లు బాగుచేసేవాడు, పోయి ఆరేళ్ళు. ఇప్పుడు మిషను మీద బట్టలు కుడుతూ ఒక్కతే ఉంటుంది. మా అమ్మా ఆమె ఒకర్నొకరు వదినా అని పిలుచుకుంటారు. నెలవంక కనపడిన సాయంత్రం అమ్మ గోడ దగ్గర నిలబడి ఆమెను పిలిచింది.

"వదినా, రేపట్నుంచి నేనూ మీ ఒక్కపొద్దులు ఉంటా. ఎప్పుడు లేవాలో, ఏం అనుకోవాలో చెప్పు."

అత్త నవ్వబోయి అమ్మ ముఖం చూసి ఆగిపోయింది. "నీకు షుగరుంది వదినా. షుగరున్నోళ్ళకి రోజా లేదు. జబ్బున్నోళ్ళని అల్లా మాఫ్ చేశాడు. మా కితాబులోనే ఉంది."

"నాకు మాఫీ ఎందుకు? నాకు నా కొడుకు కావాల."

"బిడ్డ కోసం దువా నేను చేస్తా. నా ముప్పై రోజాల్లో నీ కొడుకు పేరు తియ్యని రోజు ఉండదు. నువ్వు తిని కూసో."

"నువ్వు నీకు ఉంటావ్, నేను నాకుంటా" అని అమ్మ లోపలికి వచ్చేసింది.

రోజంతా మంచినీళ్ళు కూడా లేకుండా ఎండాకాలంలో ఉపవాసం. నేను అరిచాను. వదిన బతిమాలింది. మామ ఫోన్లో, "సాయిబులది నీకెందుకే అక్కా, మనకి లేరా దేవుళ్ళు?" అన్నాడు. అమ్మ ఫోను నాకిచ్చి వెళ్ళిపోయింది. చివరికి ల్యాబుకు వచ్చే డాక్టరుతో మాట్లాడి, పొద్దుటి బిళ్ళ సగమే, సాయంత్రం బిళ్ళ ఉపవాసం విడిచాక వేసుకోమని ఆయన అంటే అట్లా రాసిపెట్టాను. అమ్మ సరేనంది. అయినా తెల్లవారకముందే పక్కింటి అత్త గోడ మీద తట్టగానే లేచి, ఇంత అన్నం తిని, పాత అలవాటు ప్రకారం నిండు బిళ్ళే వేసుకునేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. సాయంత్రం మసీదు సైరను మోగగానే అత్త గోడ మీదుగా గిన్నెలో గంజి, రెండు ఖర్జూరాలు అందించేది. అమ్మ ఆ ఖర్జూరాల్లో ఒకటి అన్న నోట్లో పెట్టేది. పదేళ్ళుగా వదిన చేతి ముద్ద ముట్టని మనిషి, ఆ నెలలో వదిన వండిందే తినేది. వండే ఓపిక లేక అనుకున్నాను మొదట. ఒకరోజు వదిన పప్పులో ఉప్పు మర్చిపోతే, "కొంచెం ఉప్పు పడాలమ్మాయ్" అంది అమ్మ మామూలుగా. అమ్మాయ్ అన్నందుకు వదిన ఆ పూట రెండుసార్లు ఉప్పు వేసింది.

ఇరవై రెండో రోజో, ఇరవై మూడో రోజో సరిగా గుర్తులేదు. మధ్యాహ్నం రెండింటికి నేను భోజనానికి ఇంటికొచ్చాను. వదిన పాపను బడి నుంచి తేవడానికి వెళ్ళింది. అమ్మ పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గర కూర్చుని ఉంది. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. "ఏందమ్మా?" అన్నాను. నా వైపు చూసి, "మీ నాన్న వచ్చాడా? తలుపు తియ్యి" అంది.

నాన్న పోయి పదిహేడేళ్ళు.

సంచిలోంచి షుగరు చూసే మిషను తీసి వేలికి గుచ్చాను. నలభై ఎనిమిది చూపించింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, లేదా లేవనే లేవదు. లోపలికి పరుగెత్తి గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి తెచ్చి, తల పట్టుకుని తాగించాను. చిన్నపిల్లలా గుటకలు వేసింది. కొంచెం గడ్డం మీదుగా కారింది. రెండో గ్లాసు కూడా పట్టి, లేపి తీసుకొచ్చి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టాను.

మంచం మీద నుంచి అన్న ఇదంతా చూస్తున్నాడు. మాట్లాడాలంటే రెండు మాటలకొకసారి ఆగాలి.

"చెప్పబాక" అన్నాడు.

"ఏంది?"

"నీళ్ళు తాగించావని... చెప్పబాక. మళ్ళీ మొదట్నుంచీ... ఉంటానంటది."

పావుగంటకు అమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "నాకేమన్నా పట్టావా?" అని అడిగింది.

"లేదు. కళ్ళు తిరిగి పడిపోతే మొహం కడిగా" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే."

అమ్మ నన్ను కాసేపు చూసి, "సరే" అని అటు తిరిగి పడుకుంది. అన్న నా వైపు చూసి తల ఊపాడు. మా ఇద్దరి మధ్య చిన్నప్పుడు ఇట్లాంటివి చాలా ఉండేవి, అమ్మకు తెలియకుండా దాచినవి. అదే చివరిది. అప్పుడు నాకు మంచిపని చేశాననే ఉంది. ఇప్పుడు కూడా, ల్యాబులో కూర్చుని ఆలోచిస్తే, వేరే దారి లేదనే అనిపిస్తుంది.

ఆ ఏడు ఉగాదీ రంజాన్ పండగా పక్కపక్క రోజుల్లో వచ్చాయి. ఉగాది పొద్దున అన్నకు కాస్త బాగున్నట్టే ఉంది. దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. వదిన గడ్డం గీసింది. నేను ఉగాది పచ్చడి కలిపి తెస్తే నాలుక మీద కొంచెం వేయించుకుని, "మామిడికాయ... పుల్లగా లేదే" అన్నాడు. ఎదురింట్లో టీవీలో పంచాంగం చదువుతున్నారు.

"అమ్మా, నా రాశి... ఎట్టా ఉందంట?"

అమ్మకు ఆ రోజు కూడా ఒక్కపొద్దు. గుమ్మంలో నిలబడి చెవి పెట్టి వింది. "బాగుందంటరా. ఈ ఏడంతా ఆరోగ్యమేనంట."

"మరింకేం" అన్నాడు అన్న.

అరగంట తర్వాత మిషను నడుస్తూనే ఉంది, కరెంటు ఉంది, ట్యూబు ముక్కులోనే ఉంది. అన్నకు గాలి చాలలేదు. మంచం మీద నుంచి లేవబోయాడు. వదిన వెనక నుంచి పట్టుకుంది. నేను ఆంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాను. అడ్రసు రెండోసారి చెబుతుండగా వదిన, "ఇంకొద్దులే" అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. అన్న తల ఆమె భుజం మీద పక్కకు వాలిపోయి ఉంది. పాప పక్కింట్లో ఉంది. మిషను కట్టేయడం ఎవరికీ తోచలేదు. చాలాసేపు అది ఊరికే గాలి తోలుతూ ఉండిపోయింది.

పండగ పూట గనుక చుట్టాలు తొందరగానే వచ్చారు. మామ రాగానే ఏర్పాట్లన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. కట్టెలు చెప్పాడు, బ్రాహ్మణుడికి కబురు పంపాడు. అప్పుడు వదిన లేచి వచ్చింది.

"మామయ్యా, ఆయన్ని పూడ్చిపెడదాం. మా ఊళ్ళో మా నాయన పక్కన చోటుంది."

"ఎట్టా కుదురుద్దమ్మా? మావోడు మీ మతం తీసుకోలా. బాప్తీస్మం లేదు. మేము కాలుస్తాం."

"మతం కోసం కాదు. నాకూ, పిల్లకీ పోయి కూసోడానికి ఒక చోటుండాల గదా. కాలిస్తే ఏం మిగులుద్ది?"

మామ ఆమెకు జవాబు చెప్పకుండా అమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు."

అమ్మ అన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ చుక్క నీళ్ళు లేవు. పెదవులు ఎండి పగిలాయి. తలెత్తలేదు. వదిన నా వైపు చూసింది. నేను ఒక్క మాట అని ఉంటే మామ తగ్గేవాడేమో తెలియదు. ఆ ఇంట్లో సంపాదించేది నేను, నా మాటకు కొంత విలువ ఉంది. కాని పది మంది మగవాళ్ళ మధ్య నోరు రాలేదు. మధ్యాహ్నం మూడింటికి తీసుకెళ్ళిపోయారు. వదిన గేటు దాకా వెళ్ళి అక్కడ కూర్చుండిపోయింది.

మగవాళ్ళు అటు వెళ్ళాక ఇల్లు కడిగాం. పక్కింటి అత్త అమ్మకు స్నానం చేయించి, తడి బట్ట మార్పించి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"తాగు వదినా. ఇంకెందుకు?"

"టైమయిందా?" అని అడిగింది అమ్మ.

"ఇంకా గంటన్నర ఉంది. అయినా తాగు. పాపం రాదు. నేను చెప్తున్నాగా."

"పట్టింది పూర్తి చేస్తా" అంది అమ్మ. గోడకు ఆనుకుని కూర్చుంది.

అత్త కూడా ఆమె పక్కనే కూర్చుంది, తనూ ఉపవాసంతోనే. నేను సంచిలోంచి షుగరు మిషను తీసి పక్కన పెట్టుకుని అమ్మ ముఖమే చూస్తూ కూర్చున్నాను. సైరను మోగింది. అత్త కొంగులోంచి ఖర్జూరం తీసి అమ్మ చేతిలో పెట్టింది. కొడుకు ఇంకా అక్కడ కాలుతుండగా మా అమ్మ ఆ ఖర్జూరం కొరికి, గింజ అరచేతిలోకి ఊసి, నీళ్ళు తాగింది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి ఏడవడం అదే మొదలు.

కాసేపటికే వీధిలో కేకలు. మేడల మీద పిల్లలు చంద్రుణ్ణి చూశారు. టపాసులు పేల్చారు. మా ఇంటి సంగతి తెలిసిన పెద్దవాళ్ళెవరో కోప్పడితే మా వీధిలో ఆగిపోయాయి, అవతలి వీధుల్లో చాలాసేపు పేలుతూనే ఉన్నాయి. మర్నాడు పండగ. అత్త సేమ్యా చేయలేదు. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అన్నం, చారు వండి మా ఇంటికి తెచ్చింది. కొత్త బట్టలు కూడా కట్టుకోలేదు.

పెద్దకర్మ అయిపోయింది. ఏడాది దాకా ఈ ఇంట్లో పండగలు లేవని మామ చెప్పి వెళ్ళాడు. ఆ తర్వాతి వారం గుడ్ ఫ్రైడే వచ్చింది. వదిన తెల్లచీర కట్టుకుని పాపను తీసుకుని చర్చికి వెళ్ళింది. నాకు ఆ రోజు సెలవు. మధ్యాహ్నం అన్నం పెడితే అమ్మ కంచం పక్కకు జరిపింది.

"ఇంకెవరి కోసమమ్మా?" అన్నాను. నాకు విసుగొచ్చింది. "వాడు పోయాడు గదా."

"ఒకటి తక్కువ పడింది" అంది అమ్మ.

"ఏది?"

"నువ్వు పంచదార నీళ్ళు పట్టిన రోజుది."

అమ్మ నా ముఖం చూడకుండా, నేల మీద వేలితో గీస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నా నోరు నాకు తెలవదా? సాయంత్రం దాకా తియ్యగానే ఉంది. నువ్వు కాదన్నావు. వాడి ముందర ఎందుకులే అని ఊరుకున్నా. పక్కింటి వదిన్ని అడిగితే, మధ్యలో పోయిందానికి పండగయ్యాక ఇంకో రోజు ఉంటే సరిపోద్దంది. పండగ దాకా వాడు ఆగలా."

"అమ్మా, నీకు నలభై ఎనిమిది ఉంది. చచ్చిపోయేదానివి."

"పోతే పోయేదాన్ని. నేను ఉన్నది అందుకేగా."

"అయితే నా వల్లే పోయాడంటావా?"

అమ్మ వేలు ఆగింది. నేను ఎదురు చూశాను. కాదు అంటుందని ఎదురు చూశాను. "నేనేం అన్లా" అంది చివరికి, లేచి పెరట్లోకి వెళ్ళింది. ఆ రోజు సాయంత్రం దాకా నీళ్ళు తాగలేదు. నేను అడ్డం పడలేదు. గంట గంటకూ వేలికి సూది గుచ్చి చూశాను. ప్రతిసారీ చెయ్యి చాపింది. మసీదులో మామూలు అజాన్ వినిపించాక లేచి తనే కుండలోంచి నీళ్ళు ముంచుకుంది.

మూడో రోజు ఈస్టరు. వదిన వాళ్ళ ఊళ్ళో ఆ పొద్దున సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వదిన పాపతో ముప్పాళ్ళ వెళ్ళింది. వాళ్ళ నాన్న సమాధి మీద రెండు కొవ్వొత్తులు పెట్టిందట. రెండోది ఎవరికమ్మా అని పాప అడిగితే మీ నాన్నకు అందట. "నాన్న ఇక్కడ లేడుగా" అందట పాప. తిరిగొచ్చాక వదిన ఈ మాట నాకొక్కదానికే చెప్పింది. నిష్ఠూరంగా కాదు. అయినా నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. బడి సెలవులివ్వగానే బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. వద్దనడానికి నాకు ముఖం లేదు. ఇప్పుడు సత్తెనపల్లిలో ఒక స్కూల్లో ఆయాగా చేస్తోంది. రోజూ బస్సులో వెళ్ళొస్తుంది.

ఆ వేసవిలో ఒక సాయంత్రం పక్కింటి అత్త దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పాను. ఆమె కుట్టు మిషను ఆపింది.

"మీ అమ్మ నాకు చెప్పలా. ఎవరో అడగమన్నట్టు అడిగింది. నేను మామూలుగా జవాబిచ్చా" అంది. "చూడు బిడ్డా. మా ఆయన పోయిన ఏడు నేను ముప్పై ఉన్నా. ఒక్కటి పోలా. పండగయ్యాక పైన ఇంకో ఆరు కూడా ఉన్నా. అయినా జాకీ జారి బండి మీద పడి పోయాడు. దానికేమంటావ్?"

"మరి అమ్మకు ఆ మాట చెప్పొచ్చుగా అత్తా."

"చెప్పా. మీ ఆయన కోసం నువ్వు మొక్కి ఉన్నావా అని అడిగింది. లేదు, ఊరికే ఉండేదే గదా అన్నా. అయితే అది వేరు, ఇది వేరంది." ఆమె గుడ్డ మళ్ళీ సూది కింద పెట్టింది గాని తొక్కలేదు. "నేర్పింది నేనే. ఆ గోడ తట్టింది నేనే. నన్ను ఏమీ అనదు. అంటే బాగుండు."

అమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. నాతో మామూలుగానే ఉంటుంది. ల్యాబుకు టిఫిను బాక్సు సర్దుతుంది, ఆలస్యమైతే ఫోన్ చేస్తుంది. ఒక్కటే మారింది. నేను గ్లాసుతో ఏమిచ్చినా, నీళ్ళయినా మజ్జిగయినా, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. కావాలని చేస్తుందని నేను అనుకోను. చేసినట్టు ఆమెకు తెలియకపోవచ్చు కూడా. నేను మాత్రం ప్రతిసారీ చూస్తాను.

ఈ ఏడు శివరాత్రి, రంజాన్, ఈస్టరుకు ముందు వదిన వాళ్ళ నలభై రోజుల ఉపవాసాలు అన్నీ ఒక్క వారంలోనే మొదలయ్యాయి. అమ్మ ఏదీ పట్టలేదు. శివరాత్రి పొద్దున్నే ఇడ్లీ తింది. అన్న తిథి ఉగాది గనుక ఏడాది తద్దినం మళ్ళీ పండగ రోజునే పడింది. అందరి గుమ్మాలకూ మామిడాకులు కడుతున్నారు, మా ఇంట్లో మామ పంచె కట్టుకుని పీట వేసుకున్నాడు. వదిన పాపతో ముప్పాళ్ళ నుంచి మొదటి బస్సుకే వచ్చి, వంటలో సాయం చేస్తోంది. పక్కింటి అత్త ఉపవాసంతోనే వచ్చి, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. పాప ఆమె ఒళ్ళో చేరింది.

బ్రాహ్మణుడు రావడం ఆలస్యమైంది. ఎనిమిదింటికి అమ్మ బిళ్ళ వేసుకుని, వంటగదిలోకి వెళ్ళి, రాత్రి మిగిలిన అన్నం గిన్నెలో పెట్టుకుని వచ్చి అందరి ముందూ కూర్చుంది.

"అక్కా, ఇంకా పిండం పెట్టలా" అన్నాడు మామ. "అయ్యేదాకా ఎవరం ముట్టుకోకూడదు. తల్లివి నువ్వు."

"వాడు ఉన్నన్నాళ్ళూ ఉన్నా. ఇంక ఉండను" అంది అమ్మ.

మామ ఇంకేదో అనబోతే వదిన అడ్డం వచ్చి, "తిననియ్యండి మామయ్యా, బిళ్ళ వేసుకుంది" అంది. గిన్నెలో మజ్జిగ పోసి, పచ్చడి బద్ద ఒకటి వేసింది. అమ్మ తల వంచుకుని, తొందర లేకుండా గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది. చెయ్యి కడుక్కుని లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది. బ్రాహ్మణుడు వచ్చి పిలిచినా లేవలేదు. ఆ పూట తంతంతా మేమే కానిచ్చాం.